చెవి వెనక రంగు

హలో… ఆ, నేనే అమ్మా. సుధక్కకి ఇవ్వకు. నీతోనే పని.

…

పిల్లాడు బానే ఉన్నాడు. పాలు తాగి పడుకున్నాడు… అమ్మా, ముందు నా మాట విను. నిన్న బారసాలలో మీరిద్దరూ ఉయ్యాల దగ్గర ఏం చేశారు?

…

ఇద్దరూ అంటే నువ్వూ, మా అత్తగారూ. ఇంకెవరు.

…

ముద్దుచేశారు. సరే. ముద్దుచేసేవాళ్లు చెవి మడిచి చూస్తారా?

…

నాకు చెప్పకు. పుట్టినప్పుడు చెవి వెనక ఏ రంగుంటే రేపు ఒళ్లంతా అదే రంగు. నీ నోటే విన్నాను చిన్నప్పట్నుంచీ. ఆవిడా అదే చూపించింది. చెవి వెనక్కి మడిచి, నీ మోచెయ్యి తట్టి నవ్వింది. నువ్వూ నవ్వావు. ఎనిమిదేళ్లు… ఆవిడకి తెలుగు రాదు, నీకు ఇంగ్లీష్ రాదు, ఎప్పుడు కలిసినా ఎదురెదురు సోఫాల్లో కూచుని గోళ్లు చూసుకునేవాళ్లు. నిన్న మాత్రం మాటే అక్కర్లేకపోయింది.

…

లేదు, నేను నవ్వడం లేదు.

…

"వాళ్లంతా నల్లవాళ్లే, వాళ్లకేం పట్టింపు" — అంతేగా? డారెల్ని చేసుకుంటానంటే ఏడాదిన్నర నాతో మాట్లాడలేదు నువ్వు. నీ కంటికి వాళ్లంతా ఒకటే రంగు. వాళ్లలో వాళ్లకి కాదు. అత్తగారిది తేనెరంగు. వాళ్ల పుట్టింట్లో ఆ రంగు తగ్గకుండా చూసుకుని సంబంధాలు కలుపుకునేవాళ్లట. ఆ ఇంట్లో అందరికన్నా నలుపు డారెల్. వేసవి సెలవుల్లో వాళ్లన్న వీధిలో బంతాడుతుంటే, ఇతన్ని ఎండ తగ్గేదాకా వరండా దిగనిచ్చేది కాదట. పరాయివాళ్లు కాదు. కన్నతల్లి.

…

నిన్న చెప్పాడు. మీరంతా వెళ్లాక. గిన్నెలు కడుగుతూ, నావైపు చూడకుండా.

…

ఆఁ, పాపమే. మరి భవిత?

…

అక్కడే నిలబడి ఉందమ్మా. ఏడేళ్ల పిల్లకి కళ్లుండవా? పొద్దున బాత్రూంలో నా చేతి అద్దం పట్టుకుని, చెవి ముందుకి లాక్కుని వెనకాల చూసుకుంటోంది. చెవి కందిపోయింది. "మామ్, తమ్ముడికి ఏముందని నవ్వారు? నాకుందా అది?" అంటుంది.

…

ఏం చెప్పను. సరిగ్గా వినపడుతోందో లేదో చూశారన్నాను.

…

మెచ్చుకోకు నన్ను.

…

సున్నిపిండి మాటెత్తావంటే ఫోన్ పెట్టేస్తాను. నాకు పదిహేనేళ్లు రుద్దావు. రంగు ఎక్కడికీ పోలేదు. ఎక్కడ నలుగురు కూడినా వెనక వరసలో నిలబడడం మాత్రం వచ్చింది.

…

ప్రేమే. అత్తగారిదీ ప్రేమే. నాకు మండేది అదే.

…

ఏంటి?

…

సుధక్క చెప్పిందా నీకు.

…

…చూశాను. భవిత పుట్టినప్పుడు. నర్సు చేతిలో పెట్టగానే అందరూ వేళ్లు లెక్కపెడతారు. నేను చెవి మడిచాను. చూసి, టోపీ కిందికి లాగాను. డారెల్ కిటికీ దగ్గరున్నాడు. చూడలేదనే అనుకున్నాను ఇన్నాళ్లూ. నిన్న గిన్నెలు కడుగుతూ… అప్పుడు చూశానని కూడా అన్నాడు.

…

నువ్వు గెలిచినట్టు కాదు. ఇందులో గెలిచేవాళ్లెవరూ లేరు. నీమీద అరుస్తున్నాను కానీ, పొద్దున్నించీ నాకు —

…

ఉండు. భవి తలుపు దగ్గరుంది. ఎంతసేపట్నుంచి నిలబడిందో.

…

ఇవ్వను. నువ్వేం చెప్తావో నాకు తెలుసు. "మా బంగారుతల్లికేం తక్కువ" అంటావు. తనకేదో తక్కువని దానికి అప్పుడే తెలుస్తుంది.

…

భవీ, కమ్ హియర్. ఇలా నా పక్కన కూర్చో. పొద్దున నేను చెప్పింది అబద్ధం. వాళ్లు వినికిడి చూడలేదు.

…

వద్దమ్మా, ఆపకు. నువ్వు పుట్టినప్పుడు నేనూ అదే చూశాను, భవీ. ఏం చూశానో చెప్తాను, ఉండు. ఫోన్ పెట్టేయనీ.