దాని గొంతు

ఊరు చూపిద్దామని వెంటబెట్టుకొచ్చిన విదేశీ విద్యార్థిని సిటీ బస్సు ముందు సీట్లో కూర్చుని కిటికీలోంచి వీధులు చూస్తోంది. వెనక సీట్లో కళ్లద్దాల పిల్ల తన స్నేహితురాలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"'మొద్దు మొహాల్లారా, త్వరగా ఎక్కండి' అంది ఈ పిల్ల ఇందాక, విన్నావా? అచ్చం మన ముగ్గురిలో మూడోదానిలాగే!"

"అది పంపిన వాయిస్ మెసేజులు వినే కదే ఈ పిల్ల తెలుగు నేర్చుకుంది. ఆ సాగదీయడంతో సహా దిగిపోయింది."

"నాకు ఒళ్లు జలదరించిందే. అది చనిపోయి నెల దాటింది. ఇంకా ఊరెళ్లిందని ఈ పిల్లతో ఎన్నాళ్లు బొంకుతాం? ఇవాళ చెప్పేద్దాం."

"చెప్పేస్తే ఇంక అలా మాట్లాడదేమోనే."



ముందు సీటు అమ్మాయి వెనక్కి తిరిగింది.

"నన్నొదిలేసి ఏంటే గుసగుసలు?"

ఇద్దరూ అలవాటుగా చెరో పక్కకి జరిగి, మధ్యలో దాని చోటు ఇచ్చారు.