డిష్ వైరు

మనూర్ దగ్గరి చేనులో కోసిన కంది కుప్ప వేసి ఉంది. ఇంట్లో మొగుడు టీవీ ముందు, పెళ్లాం గుమ్మంలో.

"మూడు దినాలసంది గీడనే కూసున్నవ్. కంది తడిస్తే ఏడాది కష్టం పాయె. తాడ్పత్రి ఎప్పుడు కప్పుతవ్?"

"ఆగవే. తుఫాను ఇటు వస్తదో, ఒడిశా దిక్కు పోతదో టీవీల చెప్తుండు."

"పోయినసారి గూడ చెప్పిండు. ఏమాయె?"

"ఏమాయెనా? గా గాలికి మన కోడి లేచి సిర్గాపూర్‌ల పడ్డది. నెల దినాలు ఆడికే పోయి గుడ్లు తెచ్చుకుంటి."

"గా కోడిని నువ్వు అంతకు ముందే కోసుక తింటివి."

"అగో, టీవీల బొమ్మ పోయిందేందే?"

"డిష్ వైరు పీకిన. తాడ్పత్రి కట్టనీకి ఇంట్ల ఇంకో తాడు లేదు."

"ఇగ తుఫాను ఎటు పోతదో ఎట్ల తెలుస్తది?"

"కుప్ప కాడ తాడ్పత్రి కొస పట్టుకొని నిలబడు. టీవీల ఉన్నోని కంటె ముందుగాల నీకే తెలుస్తది."