పక్క సీటు

షెడ్డులో, ముందుభాగం నుజ్జయిన పెద్ద కారు చుట్టూ మెకానిక్ రెండుసార్లు తిరిగాడు. కారు తెచ్చిన యాభై దాటిన ఆవిడ చేతిసంచి గుండెలకు హత్తుకుని నిలబడింది.

"ఛాసీ వంగలేదమ్మా, అదృష్టం. ఇనప బంపరు వేసి, ఎత్తు లేపి, పెద్ద టైర్లు బిగిస్తాను. రాళ్లదారైనా ఎక్కేస్తుంది. సార్ నడుపుతారా?"

"గుద్దుకున్నప్పుడు నడిపింది ఆయనే. పోయారు. రిటైరయ్యాక కొండలు తిరుగుదామనేవారు. ఆయన పోయాక నేనే డ్రైవింగు నేర్చుకున్నాను."

మెకానిక్ చేతిలోని పానా కింద పెట్టాడు.

"పక్క సీటు తీసేస్తే నీళ్ల డబ్బాలకి చోటుంటుంది. ఉంచమంటారా?"

"అది నా సీటయ్యా. ఇరవై రెండేళ్లు అందులోనే కూర్చుని, మెల్లగా పోనివ్వండంటూ ఆయన ప్రాణం తీశాను."

అనేశాక ఆ మాట తనకే వినిపించి, ఆవిడ ఆ సీటు మీది దుమ్ము అరచేత్తో తుడిచింది.

"తీసెయ్యి."

"కొండల్లోకి ఒక్కరే వెళ్లకండమ్మా. చక్రం ఎటు తిప్పాలో కిందకి దిగి చూపించే మనిషి ఉండాలి."

"లేకపోతే?"

"మీరే దిగి చూసుకోవాలి, మళ్లీ ఎక్కి నడపాలి. అడుగడుక్కీ అంతే."

ఆవిడ కారు ఎత్తును కళ్లతో కొలుచుకుని, మోకాలు తడుముకుంది.

"అయితే నా వైపు ఒక మెట్టు వెయ్యి, బాబూ."