దబ్బనం గారి వేరు కాపురం

అబ్బే, మీరనుకునేదేం కాదు వదినా. ఇంకో ఆడమనిషే అయితే నాకీ తిప్పలెందుకు? వెళ్ళి నాలుగు దులిపి వచ్చేదాన్ని. ముందు కూర్చోండి. ఆ కుర్చీ వద్దు, దాని మీద మీ తమ్ముడి వైర్లున్నాయి, కదిపితే రాద్ధాంతం చేస్తాడు. ఇలా రండి, స్టూలు మీద కూర్చోండి.

ఫోన్ చూసుకుని తనలో తనే నవ్వుకుంటున్నాడు, అన్నం తింటూ కూడా టకటకా కొడుతున్నాడు, అదేంటని అడిగితే ఫోన్ బోర్లా పెడుతున్నాడు అంటారు. నిజమే, మీ కళ్ళు మంచివే. పరాయి మనిషితోనే రాతకోతలు నడుస్తున్నాయి. ఆ మనిషి పేరు దబ్బనం. ఆడో మగో కూడా ఆయనకి తెలీదు. నవ్వకండి, వీళ్ళ లోకంలో పేర్లు ఇలాగే ఏడుస్తాయి.

మొదట్నించీ చెప్తాను. మీ తమ్ముడు ఆఫీసు పని ఆఫీసులో చేసి, ఇంటికొచ్చి మళ్ళీ అదే పని లోకానికి ఊరికే చేసిపెడతాడు కదా. ఫ్రీ సాఫ్ట్‌వేర్ అంటాడు. ఎవరైనా వాడుకోవచ్చట, లోపల ఎలా రాశాడో చూడొచ్చట, మార్చుకోవచ్చట, మార్చినదాన్ని పదిమందికీ పంచొచ్చట. ఎవర్నీ అడగక్కర్లేదట. మీ తమ్ముడంతటి ఉదారుడు ఇంకొకడు లేడు, గడప దాటాక.

అందులో ఆయనకి ప్రాణం ఒక్కటే, పెళ్ళికి ముందు నుంచీ పెంచుకొచ్చిన మడత ప్రోగ్రాం. చిన్న పుస్తకం వేయాలంటే కాగితాన్ని మధ్యకి మడవాలి కదా, అప్పుడు మొదటి పేజీ, చివరి పేజీ ఒకే కాగితం మీద పడాలి. ఏ పేజీ ఎక్కడ పడాలో అది లెక్క కట్టి పెడుతుంది. నా ప్రింటింగు షాపు నడిచేది దాని మీదే. అబద్ధమెందుకు, బంగారంలాంటి ప్రోగ్రాం.

కానీ మందం కాగితం వేస్తే తంటా. మడిచాక లోపలి పేజీలు బయటికి తోసుకొస్తాయి. అంచు సమంగా కోస్తే అక్షరాలు తెగిపోతాయి. కాస్త చోటు వదిలేలా సరిచెయ్యవయ్యా అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఏమన్నాడో తెలుసా? నేను వడ్డిస్తున్నాను, ఆయన తింటున్నాడు. "అందరిలాగే సైటులో రిపోర్టు పెట్టు, వరుసలో చూస్తా" అన్నాడు. కట్టుకున్న పెళ్ళాన్ని వరుసలో నిలబడమన్నాడు వదినా!

నిలబడ్డాను. మారుపేరుతో రిపోర్టు పెట్టాను. ఒక్క ముక్క రాసి కొట్టేశాడు. వాడేవాళ్ళ పొరపాటట, ప్రోగ్రాంలో లోపం లేదట.

ఇంతాచేసి ఆయనకి తీరిక లేదా అంటే, ఉంది. ఎవరో మహానుభావుడు పాతకాలం ప్రింటర్ల చప్పుళ్ళు రికార్డు చేసి నెట్‌లో పెట్టాడట. ఆదివారం పొద్దంతా కళ్ళు మూసుకుని విన్నాడు. ఆ చప్పుళ్ళు నా షాపులో పొద్దస్తమానం ఉంటాయి, ఒక్కనాడైనా వచ్చి విన్నాడా? ఇంకో రోజు ఊరూరా తిరిగి లిఫ్టు బటన్లు ఫోటోలు తీసేవాడు దొరికాడు. వాడెవడో బాగున్నాడో లేదో అని వాడికి ఉత్తరం కూడా రాశాడు.

నాకు ఒళ్ళు మండింది. నువ్వు మార్చకపోతే నేనే మార్చుకుంటా అనుకున్నాను. ఎవరైనా మార్చుకోవచ్చని చెప్పింది ఆయనే కదా? చదువుకునే రోజుల్లో నేనూ కాస్త ప్రోగ్రాములు రాసినదాన్నే. తెరిచి చూస్తే ఏముంది, కోడ్ మధ్య మధ్యన మామూలు మాటల్లో వివరాలు రాసుకున్నాడు. ఇక్కడ ఎందుకిలా చేశాడు, అక్కడ ఎందుకు తడబడ్డాడు, ఏది చూసి భయపడ్డాడు, అన్నీ. ఇంట్లో నోరు విప్పని మనిషి అక్కడ ఎంత కబుర్లపోగో! షాపులో గిరాకీ లేనప్పుడల్లా చదివాను. చదువుతుంటే ఆయన మీద మళ్ళీ ఇష్టం పుట్టుకొచ్చింది. మీకు చెప్పుకోడానికి సిగ్గేముంది.

మొత్తానికి దాన్ని కాపీ చేసి, నాకు కావలసిన చోట మార్చి, ఇంకో పేరుతో బయటపెట్టాను. వేరు కాపురం పెట్టడమన్నమాట. వాళ్ళలో అది తప్పు కాదు, రోజూ ఎవరో ఒకరు పెడుతూనే ఉంటారు.

అదేంటలా చూస్తారు? అవును, దబ్బనం నేనే. షాపులో పుస్తకాలు కుట్టేది దానితోనే కదా, చేతిలో ఉన్నదే పేరు పెట్టేశాను. నా షాపులో దబ్బనం ఉంటుందనే తెలియని మనిషికి అనుమానం ఎందుకొస్తుంది?

మొదట్లో పరువు పోయింది లెండి. నా మార్పుతో సగం పేజీలు తలకిందులుగా పడ్డాయి. జనం తిట్టిన తిట్లు మీకు చెప్పను. మరునాడు పొద్దున్నే మీ తమ్ముడి దగ్గర్నుంచి సందేశం. దొరికిపోయాననుకున్నాను. తీరా చూస్తే, ఎంత మర్యాద! "దబ్బనం గారూ, మీ ఆలోచన చాలా బాగుంది, నాకు తట్టలేదు. చిన్న పొరపాటు జరిగింది, సరిచేసి పంపుతున్నాను" అని. ఆ ఆలోచన నేను ఈ వంటింట్లో గొంతు చించుకుని చెప్పినదే వదినా. పొరుగింటి పుల్లకూర రుచి అంటారే, ఇక్కడ పొరుగిల్లూ నేనే, పుల్లకూరా నేనే.

అప్పట్నించీ రోజూ రాస్తాడు, నేనూ రాస్తాను. ఆయన ఆ గదిలో, నేను ఇక్కడ పొయ్యి దగ్గర. మీరు చూసిన నవ్వు అదే. ఆ నవ్వు చూసి నాకూ కడుపు మండింది. నా మీద నేనే కుళ్ళుకున్నాను, అంతకంటే తలతిక్క ఉంటుందా?

పీకలమీదికి వచ్చింది ఇవాళ. తన ప్రోగ్రాం మూసేసి వాడేవాళ్ళనందరినీ దబ్బనం గారికి అప్పజెప్తాడట. తనకంటే దబ్బనం గారే బాగా చూసుకుంటారట. ఇన్నేళ్ళ కష్టం! దానికి ముందు ఫోన్‌లో ఒకసారి మాట్లాడుకుందామన్నాడు. మాట్లాడితే నా గొంతు పట్టెయ్యడూ? గొంతు పోయింది, మాట రావడం లేదని రాశాను.

ఏం జవాబిచ్చాడో వినండి. "అయ్యో, మాట్లాడకండి, గోరువెచ్చటి నీళ్ళు తాగండి, పని నేను చూసుకుంటాను" అని. పోయిన నెల నాకు నిజంగానే గొంతు పోయింది. రోజంతా సైగలతో నెట్టుకొచ్చాను. సాయంత్రం నా వైపు చూసి, ఇవాళ ఇల్లు ప్రశాంతంగా ఉందన్నాడు.

చెప్పెయ్యమంటారు. మీకేం, తేలిగ్గానే అంటారు. చెప్తే ఒక పూట సిగ్గుపడతాడు, మరో పూట అలుగుతాడు, తర్వాత సర్దుకుంటాడు. ఆయనకేం కాదు. నష్టం నాకే. చెప్పకపోతే తన ప్రాణంలాంటిదాన్ని, లేని మనిషి చేతిలో పెడతాడు. అదీ తెలుసు. తెలిసే కూర్చున్నాను.

ఇందాక మీరు బెల్లు కొట్టే ముందే ఇంకో సందేశం వచ్చింది. పుస్తకంలో మొదటి పేజీ ఖాళీగా వదలాలా వద్దా, మీరేమంటారు అని అడిగాడు. మీరేమంటారట. ఈ ఇల్లు కొన్నప్పుడు నన్నెవరైనా అడిగారా? నా షాపుకి బోర్డు రాయించినప్పుడు అడిగారా? ఇన్నేళ్ళలో నన్ను ఆ మాట అడిగింది దబ్బనానికి రాసే ఈయనొక్కడే వదినా, అదీ నేనని తెలియక.

ఖాళీగా వదిలెయ్యమన్నాను. వదిలేశాడు. ఎందుకని కూడా అడగలేదు.