శుక్రవారం బారీ రాజనర్సన్నది

మీసం దిక్కు గట్ల చూస్తున్నవేందిరా భూమేషూ? రంగేసిన. దాపరికమేం లేదు. నువ్వు సోకనుకుంటవ్ గని, ఇది పక్కోళ్ల మీద దయ. తెల్లమీసపోడు నిచ్చెనెక్కి ఏసీ విప్పుతుంటే కింద నిలవడ్డ ఫోర్‌మన్‌కు పానం తల్లడిల్లదా? ఆయన కోసం ఏసుకుంట. పైంగ దీనికి శాస్త్రమున్నది. సర్వాస్తివాదం. నవ్వకు. బుద్ధుడు పోయినంక కొన్ని వందలేండ్లకు ఆయన శిష్యుల్ల ఒక గుంపు లేచి, అయిపోయిందీ ఉన్నది, ఇప్పటిదీ ఉన్నది, రావాల్సిందీ ఉన్నది అన్నరు. అంటే నా నల్లమీసం యాడికీ పోలే. నేను జర కనవడేటట్టు చేసిన, గంతే.

అరె, గా లిస్టు చింపకు. ఆగు. వంట బారీలు, ఏ రోజు ఎవల వంతో, కొత్తగ రాయమన్నరు, రాయి. శుక్రవారం కాడ రాజనర్సు అని ఉన్నది, గీ రూంల ఆ పేరుగల్లోడు ఎవడూ లేడు గద కాకా అంటవ్. లేడా? కూసో, గదే చెప్త. పొయ్యి మీద పప్పున్నది, ఉడికేదాంక టైమున్నది.

రాజనర్సన్నది మా పక్కూరు. వయసుల ఉన్నప్పుడు మా దిక్కు మట్టి కింద పాత స్తూపం బయటవడితే, ఆ తవ్వకాలల్ల తట్ట మోసిండు. ఆడ ఇటుకల బొమ్మలు గీసే సారు ఒకాయన అట్టలేని పుస్తకమొకటి ఇచ్చిండట. మనోడు బడికి పోయింది ఏడు దాంక. గా పుస్తకం మాత్రం ముప్పై ఏండ్లు చదివిండు. బహ్రెయిన్‌కు వచ్చేటప్పుడు మేమందరం పెట్టెల మామిడికాయ తొక్కు తెచ్చుకుంటే ఆయన పుస్తకం తెచ్చుకున్నడు. తొక్కు నాది తిన్నడు.

నాకు గీ చదువు ఆయన చెప్పింది ఈడ్నే అమ్వాజ్ దిక్కు, ఏసీ పనికెక్కిన మిద్దె మీద. "స్వామీ," అని నన్ను పిలిచి, "గీ ఏసీ బందున్నది. ఏసీ ఉన్నదా, లేదా?" "ఉన్నదన్నా." "మరేం తక్కువైంది?" "పని చేస్తలేదు." "గంతేరా! గడిచినదాని సంగతి గదే. ఉన్నది, పని చేస్తలేదు. రేపటిది డబ్బల ఉన్నది, ఇంకా బిగియ్యలే." పక్కన శ్రీలంక నిమల్ గ్యాస్ నింపుతుండె. బుద్ధుని మొక్కేటోడు గద, కోపమొచ్చింది. "క్యా భాయ్, హమారా మందిర్ మే ఐసా నై బోల్తా. జో గయా, ఖలాస్!" పోయింది పోయినట్టే అని. రాజనర్సన్న పానా కిందవెట్టి, మెల్లగ, "నిమల్ భాయ్, అమ్మా యాద్ ఆతీ?" అన్నడు. ఆతీ అన్నడు నిమల్. "మరి లేనిదాన్ని మనసు ఎట్ల వట్టుకుంటది?" నిమల్ వంగి పైపు మళ్ల బిగియ్యవట్టిండు. రెండు వేల ఏండ్ల కిందటి కొట్లాట వాళ్లిద్దరు మళ్ల షురూ చేస్తే, నడుమ ఎండదెబ్బ నాకు.

ఇగ లిస్టు ముచ్చట. మన రూంల పేరుంటేనే తిండిల పొత్తు. పేరు కొట్టేస్తే ముందటి కంచం గుంజుకున్నట్టే, నీకు తెల్సు. ఒక శుక్రవారం ఆయన బారీ. పుస్తకంల మునిగి పప్పు మాడవెట్టిండు. మూడోసారి. నేను ఆకలైతే మనిషిని గాను, దునపోతును. ఆరుగురి ముందట పెన్ను తీసి ఆయన పేరు కొట్టేసిన. "నీ శాస్త్రం నువ్వే తిను, మా పొత్తుల ఉండకు" అన్న. ఆయన నవ్విండు. "కొట్టేస్తే పోతదారా? ఉన్నది, పని చేస్తలేదు." తెల్లారి నుంచి కింద కెఫెటేరియాల పరాఠా తిన్నడు. రా అన్నా అని పిలువాల్నని నాకు ఉండె. శుక్రవారం రానీ, అందరి ముందట పిలుస్త అనుకున్న. మాట అన్నది అందరి ముందట గద. బుధవారం పగటీలి ఎండల, మిద్దె మీద, చేతిల పానా ఉండంగనే ఆయన గుండె ఆగింది.

ఆయనున్న పెట్టెను ఊరికి విమానం ఎక్కిచ్చి వచ్చి, లిస్టుల పేరు మళ్ల రాసిన. లిస్టు మారినప్పుడల్ల రాసిన. పదిహేనేండ్ల సంది ఆయన బారీ నేనే వండుతున్న. పిచ్చోడంటరు, అననీ. తినుడైతే ఎవ్వడూ ఆపలే.

ఒక్క చిక్కున్నది. అన్నీ ఉన్నయంటే మంచియే ఉంటయా? నేనన్న మాట గూడ ఉన్నట్టే గద. గా పుస్తకంలనే ఉన్నది: ఎన్నడో చేసిన పని ఇయ్యాల తాకుతున్నదంటే, ఆ పని యాడనో ఉన్నట్టే. నిమల్ చెప్పిందే నిజమైతే నాకు హాయి. ఆ మాట ఖలాస్. కని రాజనర్సన్న గూడ ఖలాస్. రెండిట్ల ఒకటి ఎంచుకోవాలె. నేను మాటను మోసుకుంట ఆయనను ఉంచుకున్న.

నాది వచ్చే నెల ఎగ్జిట్, ఇగ ఊరికే. నా పేరు తీసెయ్, ఫికర్ లేదు. ఆయనది ఉండనీ. శుక్రవారం నువ్వు వండు. పప్పు నేను నేర్పిస్త, గిన్నేండ్ల అనుభవం, మన రూంల నా పప్పును మించింది... ఏందిరా? వాసనా? అరె! బంద్ చెయ్ స్టవ్, యల్లా, యల్లా!

నల్లగైందా? అడుగు దాంకనా?

నవ్వకురా. ఆ పెన్నిటియ్యి. నా పేరు నేనే కొట్టేసుకుంట. పదిహేనేండ్లాయె, ముచ్చట చెప్పుకుంట పప్పు చూసుకునుడు నాకింకా రాలే. తప్పయిందన్నా అనుడు గూడ రాలే.