కౌంటర్ ఎక్కడ?

లేత్ షెడ్డు షట్టర్ దించేసి, బావమరిది కుడిచేతిని బెంచి వైస్ దవడల మధ్య పెట్టి బిగించాడు బావ. తాను బోల్టులు చేసి పంపే కంపెనీలోనే బావమరిది అకౌంటెంటు.

“బావా, వేళ్ళు విరుగుతాయి.”

“విరగనీ. నా బిల్లుల సంగతి అడిగితే ఏమన్నావు?”

“పేయబుల్స్‌లో ఉన్నాయన్నాను. అంటే కంపెనీ నీకివ్వాల్సిన బాకీ.”

“ఇవ్వాల్సింది ఇవ్వకుండా, బదులుగా కంపెనీ షేర్లు అంటగట్టావు. మా తమ్ముడు చదువుకున్నాడు, తీసుకోమంది మీ అక్క. వాటిని ఎక్కడ అమ్మాలంటే ఏమన్నావు?”

“ఓవర్ ది కౌంటర్ అన్నాను.”

“ఊళ్ళో కౌంటర్లన్నీ తిరిగాను. సినిమా టికెట్ల కౌంటర్లో కూడా అడిగానురా.”

అంత నొప్పిలోనూ బావమరిదికి నవ్వొచ్చింది. వైస్ పిడి మరో చుట్టు తిరిగింది. ఎముక చిట్లిన చప్పుడు ఇద్దరికీ వినబడింది.

“కౌంటర్ ఉండదు బావా,” అన్నాడు ఏడుస్తూ. “స్టాక్ ఎక్స్ఛేంజీతో పని లేకుండా, అమ్మేవాడూ కొనేవాడూ నేరుగా మాట్లాడుకుంటారు. అంతే.”

“ఇద్దరుంటే చాలా?”

“చాలు.”

“అయితే నేను అమ్ముతున్నాను, నువ్వు కొంటున్నావు. ధర చెప్పు. నిన్ను చదివించింది ఈ షెడ్డే. నా డబ్బు రాక రేపు దీనికి తాళం పడుతుంది. అది గుర్తుపెట్టుకుని చెప్పు.”

వాళ్ళింట్లో మొదట డిగ్రీ పట్టా అందుకున్నవాడు బావమరిది. కంపెనీ మునిగిందని మొదట తెలిసినవాడూ అతడే.

“అవి ఎవరూ కొనరు బావా. నీకిచ్చిన రోజే నాకు తెలుసు.”

 బావ తన ఫోను తీసి అతని ఎడమచేతిలో పెట్టాడు.

“ఈ మాట మీ అక్కతో చెప్పు. నువ్వు చెప్పేదాకా పిడి వదలను.”