మళ్ళీ చదవమన్న హెన్రికె

మిత్రులారా, కుర్చీలు చాలక సామాన్ల పెట్టెల మీద కూర్చున్న మా పనివాళ్ళారా, సరిహద్దు దాటి లీజ్ నుంచి, మాస్ట్రిక్ట్ నుంచి వచ్చిన పెద్దలారా, చివరి వరుసలో కూర్చున్న కాలిఫోర్నియా అతిథులారా, అందరికీ నమస్కారం.

నా పేరు ఫోల్క్‌మార్. హెన్రికె లోషైడర్‌తో కలిసి జర్మనీ అంచునున్న ఆహెన్‌లో ఈ కంపెనీ పెట్టినవాణ్ణి. యంత్రం చప్పుడు విని, అది ఎప్పుడు మొరాయిస్తుందో ముందే చెప్పే పరికరం మాది. ఆ పరికరానికి చెవి ఇచ్చింది ఆమె. పోయిన మంగళవారం గుండె ఆగి ఆమె వెళ్ళిపోయింది. ప్రతి మోటారునీ, ప్రతి మనిషినీ అనుమానించిన హెన్రికె ఒక్కదాన్ని మాత్రం ఏ ప్రశ్నా అడక్కుండా నమ్మింది. తన గుండెని.

ఏడుద్దామనే వచ్చాను. కానీ ఏడుపు కంటే ముందు అనుమానం వస్తోంది. ఏం చెయ్యను? అన్నేళ్ళు ఆమె పక్కన కూర్చున్నాను కదా! అత్త చచ్చిన ఆర్నెల్లకు ఏడ్చే కోడళ్ళ గురించి విన్నాను. కానీ ఈ కబురు నేనింకా మా అమ్మకైనా చెప్పకముందే కాలిఫోర్నియా వారి పూలచక్రం గుమ్మంలోకి వచ్చేసింది. ఇంత తొందర దుఃఖం ఎక్కడిది?

ఇందాక మంత్రిత్వ శాఖ పెద్దమనిషి ఆమెను యూరప్ గర్వించే బిడ్డ అన్నారు. చాలా సంతోషం. ఆర్థిక సాయం కోసం ఆ బిడ్డ పెట్టుకున్న దరఖాస్తు మీ ఆఫీసులో ఏ బల్ల మీద ఉందో, అయ్యా, తిరిగి వెళ్ళాక ఒకసారి వెతికించండి.

మొదటిసారి బ్యాంకుకి వెళ్ళిన రోజు నాకు బాగా గుర్తుంది. కంపెనీ పెట్టి నెల కూడా కాలేదు. గత మూడేళ్ళ లాభాలు చూపించమన్నాడు మేనేజరు. హెన్రికె కోప్పడలేదు. “మొన్న పుట్టిన పిల్లని పదో తరగతి సర్టిఫికెట్ అడుగుతున్నారు. కాస్త ఆగండి, ముందు పళ్ళు రానివ్వండి,” అని లేచి వచ్చేసింది. అదే నెలలో, ఇప్పుడు చివరి వరుసలో ఉన్న పెట్టుబడిదారు డెంటన్ గారు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వచ్చారు. ఒక్క కాగితం అడగలేదు. కాఫీ చల్లారకముందే డబ్బు పెడతానన్నారు. నేను ఎగిరి గంతేశాను. ఆమె మాత్రం కప్పు వైపే చూస్తూ కూర్చుంది. బయటికి వచ్చాక నాతో అంది: “ఇక్కడివాళ్ళు అనుమానంతో చంపుతారు ఫోల్క్‌మార్. అక్కడివాళ్ళు నమ్మకంతో చంపుతారు.”

బ్రస్సెల్స్ సభలో ఎవరో ఆమెను నిలదీశారు. యూరప్ అమెరికాతో పోటీ పడగలదా అని. అప్పటికి అందరూ పడగలదనే చెప్పి చప్పట్లు కొట్టించుకుంటున్నారు. హెన్రికె ఏమంది? “కనడంలో మనకేం కొదవ లేదు. పెంచడానికే చేతులు రావు. పిల్లకి కాస్త నడక రాగానే దత్తతకి ఇచ్చేసి, ఆ తర్వాత ఫోటో చూసి మురిసిపోతాం.” ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. మన షెడ్డు వెనక నుంచి సైకిలెక్కితే నెదర్లాండ్స్. అక్కడ ఒక్క పరికరం అమ్మడానికి ఎన్ని సంతకాలు పెట్టామో ఇక్కడున్న మాస్ట్రిక్ట్ మిత్రులకు తెలుసు. అదే అమెరికాలో ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే బజారు. అది ఆమెకు తెలియక కాదు. తెలిసే ఇక్కడ ఉండిపోయింది.

ఇక అసలు సంగతి. మన దేశంలో కంపెనీ వాటా చేతులు మారాలంటే నోటరీ ముందు కూర్చోవాలి. ఒప్పందం మొత్తం ఆయనే పైకి చదవాలి, అక్షరం వదలకుండా. మనందరికీ అది జోలపాట. డెంటన్ గారి డబ్బుకి వాటా రాసిచ్చిన రోజు ఆయన ఫోను చూసుకుంటున్నారు. వారి లాయరు కునుకు తీస్తున్నాడు. నిజం చెప్పాలంటే నేనూ కళ్ళు మూశాను. నోటరీ ఎస్సర్ గారు రైలుబండిలా చదువుకుంటూ పోతున్నారు. ఉన్నట్టుండి హెన్రికె చెయ్యెత్తింది.

“మళ్ళీ చదవండి.”

చదివారు. ఎక్కువ వాటా ఉన్నవాళ్ళు అవసరం అనుకుంటే కంపెనీని అమెరికాకు మార్చుకోవచ్చట. అంత పెద్ద మాట చిన్న వాక్యంలో, మధ్యాహ్నం భోజనానికి ముందు వచ్చే పేజీలో నక్కి కూర్చుంది. తను ఒప్పుకుంటే తప్ప మార్చకూడదని ఆమె అక్కడికక్కడే రాయించింది. అంతటితో ఊరుకుందా? “నేను పోయాక నా వాటా ఎవరికొస్తే వాళ్ళు కూడా ఒప్పుకోవాలని రాయండి. నేను పోయాకే కదా వీళ్ళొచ్చేది,” అంది. ఆ రోజు అందరం నవ్వాం. డెంటన్ గారు కూడా నవ్వారు.

గెరియోన్, తమ్ముడూ, మొదటి వరుసలో కూర్చున్న నీతోనే చెబుతున్నాను. మీ అక్క హెన్రికె వాటా ఇప్పుడు నీది. కంపెనీని అమెరికాకు మార్చే కాగితాల మీద సంతకానికి వచ్చే గురువారం నిన్ను నోటరీ దగ్గరికి రమ్మన్నారని తెలుసు. నిన్న హోటల్లో నీతో కాఫీ తాగిందెవరో నేను అడగను. వాళ్ళు దొంగలని కూడా అనను. మనవాళ్ళు తలుపు తీయనప్పుడు తీసినవాళ్ళు వాళ్ళే. నువ్వు ఊదే వాద్యం వేరు, మా వ్యాపారం వేరు. ఆ కాగితాల భాష నీకు తెలియకపోవచ్చు. కానీ నీ చెవీ ఆ ఇంటి చెవే.

వెళ్ళమంటాను. కంపెనీ అక్కడే బతుకుతుందని నీకు తోస్తే సంతకం కూడా పెట్టు. ఒక్కటే అడుగుతున్నాను. నిద్రపోకు. వాళ్ళని నమ్మకు, గర్వించే బిడ్డ అన్నవాళ్ళనీ నమ్మకు. నన్నూ నమ్మకు. కంపెనీ అటు పోతే నా వాటా విలువా పెరుగుతుంది, ఇక్కడుంటే నా కుర్చీ మిగులుతుంది. ఎటైనా నాకు లాభమే. నా మాట ఎందుకు నమ్మాలి?

మిత్రులారా, పక్క గదిలో కాఫీ, కేకూ ఉన్నాయి. అంతకంటే ముందు అందరం లేచి నిలబడదాం. పరీక్ష బల్ల మీద మోటారు ఆపేయమన్నాను. ఆమె ఉండగా అది పగలు ఎప్పుడూ ఆగలేదు. డెంటన్ గారూ, ఆ ఫోను కూడా. కాసేపు ఈ షెడ్డులో ఏ చప్పుడూ ఉండకూడదు.

గెరియోన్, ఈ నిశ్శబ్దాన్ని బాగా విను. గురువారం ఆ గదిలో అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు నీకు ఇది గుర్తుకు రావాలి. అప్పుడు చెయ్యెత్తు. ఏమనాలో అక్క చెప్పే వెళ్ళింది.

లేవండి.